నిసీబిస్ ఎఫ్రేము: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేట, మంచిర్యాల వైపు ప్రార్థన కూటాల్లోనో సాహిత్య సభల్లోనో ఎఫ్రేము పేరు ఎత్తినప్పుడల్లా అవే సందేహాలు తిరిగొస్తున్నాయి. అడిగేవాళ్ళలో కతోలికులున్నారు, బాప్టిస్టులున్నారు, సి.ఎస్.ఐ. వాళ్ళున్నారు. మతంతో పనిలేకుండా కవిత్వం కోసమే వచ్చిన తెలుగు ఎం.ఏ. పిల్లలూ ఉన్నారు. అందరికీ పనికొస్తుందని ఒక్కచోట రాసిపెట్టాను. ప్రశ్నలు అడిగినవాళ్ళ మాటల్లోనే ఉన్నాయి. వరుసగా చదవాల్సిన పనిలేదు, ఎవరికి కావాల్సింది వాళ్ళు చూసుకోవచ్చు.

## పేరు ఇప్పుడే విన్నవాళ్ళకు

ఎఫ్రేము ఎవరు? రెండు ముక్కల్లో చెప్పండి.

నాలుగో శతాబ్దపు క్రైస్తవ కవి, దైవశాస్త్రవేత్త. క్రీ.శ. 306 ప్రాంతంలో నిసీబిస్‌లో పుట్టాడు, 373 జూన్ 9న ఎదెస్సాలో కన్నుమూశాడు. ఈ రెండు ఊళ్ళూ ఇప్పుడు టర్కీలో ఉన్నాయి. మొదటిదాన్ని నుసైబిన్ అంటున్నారు, రెండోదాన్ని ఉర్ఫా అంటున్నారు. ఆయన రాసింది సిరియాక్‌లో, అంటే ఎదెస్సా ప్రాంతపు అరమాయిక్ భాషలో. బిషప్ కాలేదు, చివరిదాకా డీకనుగానే, అంటే సంఘ పరిచారకుడిగానే ఉన్నాడు. నాలుగు వందలకు పైగా పాటలు నేటికీ మిగిలాయి. సిరియాక్ సంఘాలవాళ్ళు ఆయన్ని పరిశుద్ధాత్మ వీణ అంటారు. 1920లో పోపు పదిహేనవ బెనెడిక్టు ఆయన్ని సార్వత్రిక సంఘ పండితుల్లో ఒకరిగా ప్రకటించాడు.

బైబిల్లో ఎఫ్రాయిము గోత్రం ఉంది కదా, ఆయనేనా?

కాదు. ఆ ఎఫ్రాయిము యోసేపు రెండో కొడుకు. మన కవికి ఆ పేరు పెట్టారంతే. ఇద్దరి మధ్యా ఎన్నో శతాబ్దాల దూరం ఉంది.

మేం బాప్టిస్టులం. ఈ పునీతుని పాటలు మాకెందుకు?

ఆయన పోయింది 373లో. కతోలిక, ఆర్థడాక్స్, ప్రొటెస్టెంట్ అనే చీలికలన్నీ ఆ తర్వాత వచ్చినవే. అందుకే ఈయన్ని ఒక్క సంఘం సొంతం చేసుకోలేదు. పైగా ఆయన పాటల నిండా వాక్యమే. ఆదికాండం, సువార్తలు తెలియనివాళ్ళకు ఒక్క చరణం కూడా పట్టుబడదు. మీరు ఆగి ఆలోచించాల్సిన చోట్లు లేకపోలేదు. ప్రభు భోజనపు రొట్టెలో ఆత్మ దాగి ఉన్నాడనీ, ద్రాక్షారసంలో అగ్ని నివసిస్తుందనీ పాడాడు. మరియమ్మను చాలా ఎత్తున నిలబెట్టాడు. వాటితో ఏకీభవించకుండానే చదవొచ్చు. పోతన భాగవతం చదివేవాళ్ళంతా వైష్ణవులు కారు కదా.

మన ఉత్తర తెలంగాణకూ ఆయనకూ నిజంగా సంబంధం ఉందా, మీరే కలుపుతున్నారా?

ఆయన ఇండియాకు రాలేదు. వచ్చాడని ఎవరన్నా చెప్తే నమ్మకండి. కానీ ఆయన సంప్రదాయం మన దాకా వచ్చింది. మంచిర్యాల కేంద్రంగా 1999లో ఏర్పడ్డ ఆదిలాబాద్ మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) సిరో-మలబార్ కతోలిక సంఘానిది. ఆ సంఘానికి కేరళలో వందల ఏళ్ళపాటు ఆరాధన భాష సిరియాక్. వరంగల్ మేత్రాసనం లాటిన్ పద్ధతిది. అక్కడ కూడా జూన్ 9 ఆయన స్మరణ దినమే.

ఇంకో సంగతి చెప్తే చాలామంది ఆశ్చర్యపోతారు. ఆయన రాసిన 'నిసీబిస్ పాటలు' అనే సంపుటంలో ఒకచోట సాతాను గుండెలు బాదుకుంటాడు. ఇండియాలో తాను చంపించిన అపొస్తలుడు తనకంటే ముందే ఎదెస్సాకు చేరాడని వాడి గోల. ఆ అపొస్తలుడు తోమా. ఒక వర్తకుడు ఆయన ఎముకలను ఎదెస్సాకు తెచ్చాడన్న నమ్మకం అప్పటికే అక్కడ ఉండేది.

## జీవితం గురించి

తండ్రి విగ్రహాల పూజారి అనీ, కొడుకును ఇంట్లోంచి వెళ్ళగొట్టాడనీ చదివాం. నిజమేనా?

ఆ కథ ఆయన పోయిన చాలాకాలానికి రాసిన జీవితచరిత్రలో ఉంది. ఆయన సొంత పాటల్లో మాత్రం తాను సత్యమార్గంలోనే పుట్టానని చెప్పుకున్నాడు. కవి మాట ఒకటీ, కథకుడి మాట ఒకటీ అయినప్పుడు నేను కవివైపే ఉంటాను.

యుద్ధం మీద పాటలు రాశాడంటారు. ఏ యుద్ధం?

నిసీబిస్ రోమను సామ్రాజ్యపు తూర్పు అంచు. దాటితే పారసీకులు. పారసీక రాజు రెండో షాపూర్ ఆ ఊరిని మూడుసార్లు ముట్టడించాడు: 338లో, 346లో, 350లో. మూడోసారి ఊరి పక్కన పారే నదికి అడ్డుకట్ట వేయించి ఆ నీళ్ళను కోటగోడ మీదికి వదిలాడు. గోడ ఒకచోట కూలింది. అయినా ఊరు లొంగలేదు. జనం రాత్రికి రాత్రే గోడను మళ్ళీ లేపారు.

నిసీబిస్ పాటల్లో మొదటిది ఆ రోజులదే. అందులో మాట్లాడేది కవి కాదు, ఊరు. నీళ్ళ మధ్య చిక్కిన ఆ ఊరు తనను నోవహు ఓడతో పోల్చుకుంటుంది. నోవహు చుట్టూ ఉన్నది అలలే. నా చుట్టూ అలలతోపాటు మట్టిదిబ్బలున్నాయి, బాణాలున్నాయి అని దేవునితో మొరపెట్టుకుంటుంది. ఈ ముట్టడి గురించి చరిత్రకారులు రాసిన వివరాలకు ఈ పాట ఒక సాక్ష్యం కూడా. భక్తి పాట చరిత్ర ఆధారం కావడం మనకు కొత్తేం కాదు.

మరి అంత ప్రేమించిన ఊరిని ఎందుకు వదిలాడు?

వదలాల్సి వచ్చింది. 363లో రోమను చక్రవర్తి జూలియన్ పారసీకం మీదికి దండెత్తి అక్కడే చచ్చాడు. జూలియన్ క్రైస్తవం వదిలి పాత దేవతల పూజను మళ్ళీ నిలబెట్టాలని చూసినవాడు. అతని తర్వాత గద్దెనెక్కిన జోవియన్, చిక్కుకున్న సైన్యాన్ని కాపాడుకోవడానికి నిసీబిస్‌ను షాపూర్‌కు రాసిచ్చాడు. మూడు ముట్టడుల్లో పోని ఊరు సంతకంతో పోయింది. క్రైస్తవులు ఊరు ఖాళీ చేయాలన్నది షరతు.

జూలియన్ శవాన్ని నిసీబిస్ మీదుగానే తీసుకెళ్ళారు. ఎఫ్రేము ఆ శవం పక్కన నిలబడి, తలెత్తి చూస్తే బురుజు మీద పారసీకుల జెండా కనిపించింది. ఆ దృశ్యం ఆయన జూలియన్ మీద రాసిన నాలుగు పాటల్లో ఉంది. చిత్రమేమంటే అందులో శత్రురాజు షాపూర్‌ను తిట్టడు. పాత దేవతల గుడిపీఠాలను కూల్చినవాడు మన చర్చిని గౌరవించాడని రాస్తాడు. కోపమంతా జూలియన్ మీదే.

ఎదెస్సాలో పదేళ్ళు ఏం చేశాడు?

పోట్లాడాడు, పాటలతో. ఎదెస్సా అప్పుడు నానా బోధల సంత. పాత నిబంధనను కాదన్న మార్కియోను అనుచరులు, వెలుగూ చీకటీ అనే రెండు శక్తులను బోధించిన మానీ అనుచరులు, కుమారుడు తండ్రికి సమానం కాదన్న ఏరియసు పక్షంవాళ్ళు, ఎదెస్సా కవి, తాత్వికుడు బార్దైసాను శిష్యులు అందరూ అక్కడే. ఎఫ్రేము పక్షంవాళ్ళను ఊళ్ళో క్రైస్తవులని కూడా అనేవాళ్ళు కాదట. పలూత్ అనే పాత బిషప్ పేరుతో పలూతీయులు అనేవాళ్ళట. దాని మీద ఆయనకు మస్తు కోపం.

బార్దైసాను (154–222) దావీదును అనుకరిస్తూ 150 పాటలు కట్టాడనీ, వాటి తియ్యదనానికి కుర్రకారు పడిపోయారనీ ఎఫ్రేమే రాశాడు. దానికి విరుగుడుగా తానూ పాటలు కట్టాడు. అవి పాడే పని స్త్రీలకు అప్పగించాడు. నిబంధన కుమార్తెలు అని పిలిచే బ్రహ్మచారిణులు చర్చిలో బృందంగా పాడేవాళ్ళు. 521లో పోయిన సెరూగు యాకోబు అనే కవి దీని గురించే ఓ పెద్ద పద్యం రాశాడు. అంతకుముందు చర్చిలో మూగగా కూర్చున్న ఆడవాళ్ళకు గొంతు ఇచ్చింది ఎఫ్రేమేనని అందులో పొగిడాడు. నన్నడిగితే ఆయన చేసిన పనులన్నిటిలో పెద్దది ఇదే.

ఆయన గుహలో ఉన్న సన్యాసి కదా? పటాల్లో అట్లనే వేస్తారు.

పటాలు వేసినవాళ్ళు తమ కాలపు సన్యాసిని వేశారు. పెళ్ళి చేసుకోకుండా బతికిన మాట నిజమే. ఆ కాలపు సిరియాక్ సంఘాల్లో అట్లాంటివాళ్ళు ఊళ్ళోనే, సంఘం మధ్యే ఉండేవాళ్ళు. ఆయన బిషప్ దగ్గర పనిచేశాడు, పాఠాలు చెప్పాడు, పాడే బృందాలను తయారుచేశాడు. ఐగుప్తు ఎడారికి వెళ్ళాడనీ, కైసరయలో బిషప్ బాసిలును కలిశాడనీ చెప్పే కథలు తర్వాత పుట్టినవి.

కరువులో ఆస్పత్రి పెట్టాడంటారు. అదీ కథేనా?

దీన్ని నమ్మొచ్చు. ఆయన పోయిన వందేళ్ళ లోపే చరిత్రకారుడు సోజొమెను రాశాడు. ఎదెస్సాలో కరువొచ్చినప్పుడు ధనవంతులు గింజలు దాచుకున్నారు. ఎందుకని ఎఫ్రేము నిలదీస్తే, నమ్మి అప్పగించడానికి ఒక్కడూ లేడన్నారు. నా మీద నమ్మకముందా అని అడిగాడు. ఉందన్నారు. ఆ డబ్బుతో ఊరి వసారాల్లో దాదాపు 300 పడకలు వేయించి, రోగులకూ ఆకలిగొన్నవాళ్ళకూ సేవచేశాడు. కరువు తీరాక తన గదికి తిరిగొచ్చి కొద్ది రోజులకే చనిపోయాడు.

## రచనల గురించి

మొత్తం ఏమేం రాశాడు?

పాటల సంపుటాల్లో పెద్దది విశ్వాస గీతాలు, 87 పాటలు. నిసీబిస్ పాటలు 77. తప్పుడు బోధలకు వ్యతిరేకంగా 56. కన్యాత్వం మీద 52. క్రీస్తు జననం మీద ఒక సంపుటం, పరదైసు (ఏదెను తోట) మీద 15 పాటలు. వచనంలో ఆదికాండానికీ, నాలుగు సువార్తలను ఒకే కథగా కూర్చిన తతియాను గ్రంథానికీ వ్యాఖ్యానాలున్నాయి. మార్కియోను, మానీ, బార్దైసానుల మీద ఖండన గ్రంథాలూ ఉన్నాయి.

మద్రాషా అంటారు, మేమ్రా అంటారు. తేడా ఏంటి?

మేమ్రా చదివేది, మద్రాషా పాడేది. మేమ్రాలో ఏడక్షరాల పాదాలు రెండేసి జంటగా సాగిపోతాయి. మన ద్విపద తెలిసినవాళ్ళకు నడక వెంటనే పట్టుబడుతుంది. పాలకుర్తి సోమన బసవపురాణానికి ద్విపదను ఎన్నుకున్నది ఎందుకో, ఎఫ్రేము మేమ్రాను వాడింది కూడా అందుకే: కథ ఆగకుండా పోవాలి, విన్నవాడికి గుర్తుండాలి. మనకు గురులఘువుల లెక్క ఉంది. సిరియాక్‌లో అక్షరాల సంఖ్య ఒక్కటే లెక్క.

మద్రాషా చరణాల పాట. చరణం కొలతలు యాభైకి పైగా రకాలున్నాయి. ఒక్కో చరణం తర్వాత బృందం అందుకునే పల్లవి ఉంటుంది. కొన్నిటిలో చరణాల మొదటి అక్షరాలు వరుసగా అక్షరమాల అవుతాయి.

బతుకమ్మ పాటలాగా ఉంటుందని మీరన్నారట. అది సరైన పోలికేనా?

పాడే తీరు వరకు సరైనదే. ఒకావిడ చరణం ఎత్తుకుంటుంది, చుట్టూ ఉన్నవాళ్ళు ఉయ్యాలో అని అందుకుంటారు. మద్రాషా కూడా అట్లనే నడిచింది, అక్కడా ఆడవాళ్ళే పాడారు. ఎత్తుకునేవాళ్ళకు పాటంతా రావాలి, మిగిలినవాళ్ళకు పల్లవి వస్తే చాలు. చదువురాని జనం కూడా పెద్ద పాటలో పాల్గొనగలిగింది ఈ ఏర్పాటు వల్లే. పోలిక అక్కడితో ఆపాలి. బతుకమ్మ పాట నోటినోటా పెరిగింది, దానికి ఒక్క కర్త లేడు. మద్రాషా ఒకే కవి అక్షరాలు లెక్కపెట్టి రాసింది.

దైవశాస్త్రం చెప్పాలంటే వచనంలో చెప్పొచ్చు కదా. పాటలెందుకు?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళంటే నాకు ఇష్టం, ఎందుకంటే ఎఫ్రేమును అర్థం చేసుకునే దారి ఇదే.

ఆయన ముందున్న గొడవ ఏమిటంటే, ఏరియసు పక్షంవాళ్ళు దేవుణ్ణి నిర్వచించాలని చూశారు. కుమారుడు తండ్రి నుంచి ఎట్లా కలిగాడో తర్కంతో తేల్చేద్దామన్నారు. ఎఫ్రేముకు ఆ తేల్చడమే తప్పు. సృష్టికీ సృష్టికర్తకీ మధ్య ఉన్న అగాధాన్ని మన బుద్ధి దాటలేదు. దాటాల్సింది దేవుడే. ఆయన దాటి వచ్చి మన మాటలను బట్టలుగా తొడుక్కున్నాడు అంటాడు. లేఖనాల్లో దేవునికి చెవులున్నాయి, కళ్ళున్నాయి, కోపముంది, పశ్చాత్తాపముంది. ఇవన్నీ ఆయన తొడుక్కున్నవి, ఆయన స్వభావం కాదు. విశ్వాస గీతాల్లో 31వదానిలో దీనికో ఉపమానం ఉంది. చిలుకకు మాటలు నేర్పేవాడు అద్దం వెనక దాక్కుని మాట్లాడతాడు. చిలుక అద్దంలో తన బొమ్మను చూసుకుని, ఇంకో చిలుక మాట్లాడుతుందనుకుని నేర్చుకుంటుంది. దేవుడు మనకు మాట్లాడటం కూడా అట్లాంటిదే.

ఇట్లా ఆలోచించే మనిషికి నిర్వచనం పనికిరాదు. ఒక బొమ్మ కావాలి, దాన్ని సరిదిద్దే రెండో బొమ్మ కావాలి. ముత్యం, అద్దం, అగ్ని, సూర్యుడు, ఏదీ పూర్తి నిజం కాదని చెప్తూనే ఒకదాని తర్వాత ఒకటి పేర్చుకుంటూ పోవాలి. అది పాటలోనే కుదురుతుంది. కవిత్వం ఆయన దైవశాస్త్రానికి పైపూత అని రాసేవాళ్ళు ఆయన్ని చదవలేదనే అనుకుంటాను.

త్రిత్వం గురించి ఏమన్నాడు?

సూర్యుణ్ణి చూపించాడు. సూర్యుడు, వెలుగు, వేడి: మూడు పేర్లు, విడదీయలేం. వేడి మన ఒంటికి తగులుతుంది, అయినా సూర్యుడి నుంచి తెగిపోలేదు. కంటి ముందున్న దీన్నే వివరించలేనివాడివి, దాన్ని చేసినవాణ్ణి వివరిస్తావా అని ఎదుటిపక్షాన్ని అడుగుతాడు. పోలికతో గెలవడం కాదు, పోలికతో నోరు మూయించడం ఆయన పద్ధతి.

పరదైసు పాటల్లో ఏముంది? మోక్షం వర్ణనేనా?

ఆయన పరదైసు ఒక కొండ. లోకంలోని కొండలన్నిటికంటే ఎత్తు. జలప్రళయపు నీళ్ళు కూడా దాని పాదాల దాకానే వెళ్ళాయి. కొండ మీద అంతస్తులున్నాయి, శిఖరం మీద దేవుని మహిమ. మధ్యలో మంచి చెడ్డల తెలివినిచ్చే వృక్షం ఉంది. దాన్ని ఆయన యెరూషలేము మందిరంలో అతిపరిశుద్ధ స్థలాన్ని మూసే తెరతో పోలుస్తాడు. దాని వెనక అతిపరిశుద్ధ స్థలంలో ఉన్నట్టు జీవవృక్షం ఉంది. ఆదాము చేసిన తప్పు తెర దాటి చొరబడటం. దాంతో ఒంటి మీది మహిమ వస్త్రం పోయింది. క్రీస్తు వచ్చింది ఆ వస్త్రాన్ని తిరిగి తొడగడానికే. ఆదికాండం నుంచి బాప్తిస్మం దాకా ఒక్క బట్టతో కథ అల్లేశాడు.

సాతానూ మరణమూ పోట్లాడుకునే పాట ఉందట?

ఉంది, ఒకటి కాదు. నిసీబిస్ పాటల రెండో సగం చాలావరకు పాతాళంలోనే నడుస్తుంది. మనుషులను ఓడించడంలో ఎవరు గొప్ప అని ఇద్దరూ వాదించుకుంటారు, వింటున్నవాళ్ళు ఇద్దర్నీ చూసి నవ్వుతారు. ఇద్దరిలో వాదులాట పెట్టే ఈ పాటల పద్ధతి మెసొపొటేమియాలో క్రైస్తవానికి చాలా ముందు నుంచీ ఉంది. ఈస్టరు నాటకం రాయాలనుకునే యువజనులు బయట వెతకనక్కర్లేదు.

యూదుల గురించి చాలా కఠినంగా రాశాడని విన్నాం. మీరు దాటేస్తున్నారా?

దాటేయను. రాశాడు, చాలాచోట్ల దూషణగా రాశాడు. నిసీబిస్‌లో, ఎదెస్సాలో యూదులు, క్రైస్తవులు పక్కపక్కనే బతికారు. తన జనం అటు వెళ్ళకుండా గీత గీయాలన్న ఆత్రం అందులో కనిపిస్తుంది. అది కారణం మాత్రమే, సమర్థన కాదు. విచిత్రమేమంటే ఆయన ఆదికాండ వ్యాఖ్యానంలో యూదు సంప్రదాయపు కథలు చాలానే ఉన్నాయి. సంఘంలో చదివి వినిపించేటప్పుడు ఆ చరణాలను వదిలేయమని నా సలహా. చదువుకునేటప్పుడు మాత్రం వదలకండి.

## చదవాలనుకునేవాళ్ళకు, పాడాలనుకునేవాళ్ళకు

ఎక్కడ మొదలుపెట్టాలి?

పరదైసు పాటలతో. ఇంగ్లీషు చదవగలిగితే సెబాస్టియన్ బ్రాక్ 1990లో తెచ్చిన అనువాదం దొరికించుకోండి. ముందుమాటే ఒక కోర్సు. తర్వాత క్రీస్తు జనన గీతాలు, కాథ్లీన్ మెక్‌వే 1989 అనువాదంలో ఉన్నాయి. వాక్కు ఆమెలోకి వెళ్ళి మౌనమైంది, ఉరుము వెళ్ళి నిశ్శబ్దమైంది అని మరియమ్మ మీద సాగే చరణాలు అక్కడివే. విశ్వాస గీతాలు కష్టం, చివరికి ఉంచుకోండి. జెఫ్రీ విక్స్ 2015లో అనువదించాడు. పుస్తకాలు కొనలేకపోతే హైదరాబాద్‌లోని థియాలజీ కాలేజీల లైబ్రరీల్లో అడగండి.

అసలు రాగాలు దొరుకుతాయా? మా క్వయర్‌లో పాడొచ్చా?

నాలుగో శతాబ్దపు రాగాలు పోయాయి. రాతప్రతుల్లో ప్రతి పాట పైనా ఫలానా బాణీలో పాడాలని ఉంటుంది. బాణీ పేరు మిగిలింది, బాణీ మిగల్లేదు. సిరియాక్ సంఘాలు ఇప్పుడు పాడే రాగాలు తర్వాతివి. కాబట్టి మీకు స్వేచ్ఛ ఉంది. తెలుగులో కీర్తన కట్టేటప్పుడు పల్లవిని చిన్నగా, సంఘమంతా అందుకునేలా ఉంచండి. చరణాలు ఒకరికో ఇద్దరికో ఇవ్వండి. అన్ని చరణాలనూ మైకు పట్టుకున్న పదిమందే పాడితే అది మద్రాషా కాదు, కచేరీ.

ఇంత పాతవి ఎట్లా మిగిలాయి?

ఐగుప్తు ఎడారి పుణ్యమా అని. పదో శతాబ్దంలో అక్కడి సిరియా సన్యాసుల మఠానికి పెద్దగా ఉన్న మోషే బాగ్దాద్ వెళ్ళి 250 రాతప్రతులు తెచ్చాడు. ఆయనదీ నిసీబిసే. ఆ పొడి గాలికి చర్మపు పుటలు చెడలేదు. తర్వాత వాటిలో చాలా భాగం వాటికన్‌కూ లండన్‌కూ చేరింది. 519, 522 నాటి ప్రతులు నేటికీ ఉన్నాయి, అంటే కవి పోయిన నూట యాభై ఏళ్ళలోపు రాసినవి. మన పాత కావ్యాల్లో ఎన్నిటికి అంత దగ్గరి ప్రతి ఉంది?

తపస్సు కాలంలో (ఈస్టరుకు ముందు ఉపవాస దినాల్లో) చెప్పే 'ఎఫ్రేము ప్రార్థన' ఆయనదేనా?

మంచి ప్రార్థన, ఆయనది కాదు. అది గ్రీకులోనే ఉంది, సిరియాక్ మూలం లేదు. ఆయన పేరు పెద్దదయ్యాక గ్రీకులో బోలెడు రచనలు ఆయన పేరు మీద చేరిపోయాయి. ఆర్థడాక్స్ సంఘాలు శతాబ్దాలుగా చెప్పుకుంటున్న ప్రార్థన కాబట్టి చెప్పుకోవడానికి అడ్డేమీ లేదు. కింద ఆయన పేరు రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త.

లోకాంతపు శ్రమలకు ముందే సంఘం పరలోకానికి ఎత్తబడుతుందని ఎఫ్రేము నాలుగో శతాబ్దంలోనే రాశాడని వాట్సాప్‌లో వచ్చింది. నిజమా?

కాదు. ఆ వాక్యం లాటిన్‌లో ఉన్న ఒక అంత్యకాల ప్రసంగంలోది. దాన్ని పండితులు ఎఫ్రేము రచనగా ఒప్పుకోరు, కర్త పేరును నకిలీ ఎఫ్రేము అని రాస్తారు. ఇట్లాంటివి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: ఏ సంపుటంలోది, ఎన్నో పాట, సిరియాక్‌లో ఉందా? ఎఫ్రేము పాటలన్నిటికీ సంఖ్యలున్నాయి. సంఖ్య చెప్పలేనివాళ్ళ దగ్గర ఆయన పాట ఉండదు, ఫార్వర్డ్ మాత్రమే ఉంటుంది.